పేగు క్యాన్సర్ ఊపిరితిత్తుల్లో కనిపించిందా? ఆపరేషన్ దాకా ఎట్ల పోవాలంటే

మా నాయనకి రెక్టమ్ లో, అంటే పెద్దపేగు చివర మలద్వారానికి పైన ఉండే భాగంలో, క్యాన్సర్ అని తేలి, రేడియేషన్, ఆపరేషన్, కీమో అన్నీ అయిపోయినాక రెండేళ్ళు బాగా తిరిగినాడు. మళ్ళీ శెనక్కాయ చేను కాడికి కూడా పోతా ఉండె. అట్లాంటి టైమ్ లో మామూలు చెకప్ కని తీసిన సీటీలో కుడి ఊపిరితిత్తిలో రెండు, ఎడమ దాంట్లో ఒకటి చిన్న గడ్డలు ఉన్నాయని రాసినారు, అన్నిట్లోకీ పెద్దది 14 మిల్లీమీటర్లు. ఆ రిపోర్ట్ పట్టుకుని స్కానింగ్ సెంటర్ బయట టీ బంకు కాడ నేను, మా అక్క ఒకరి మొహం ఒకరు చూసుకుంటా నిలబడిపోతే నాయన మాత్రం "ఏమంట? టీ చల్లారిపోతా ఉంది, తాగండి ముందు" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆపరేషన్ అయ్యేదాకా నాలుగు నెలలు పట్టింది. అందులో సగం మాకు ఏది ముందు ఏది తర్వాత అని తెలీక పోయిన టైమే. అందుకే తిరుపతి, చిత్తూరు పక్క ఎవురింట్లో అయినా ఇదే పరిస్థితి ఉంటే పనికొస్తాదని రాస్తా ఉండా. నేను డాక్టర్ని కాదు, ఫైలు మోసినోడ్ని, అది గుర్తుపెట్టుకుని చదవండి.

మొట్టమొదట ఒకటి తెలుసుకోండి. పేగు నుంచి పాకిందే అయితే ఇది లంగ్ క్యాన్సర్ కాదు. పేగులో పుట్టిన క్యాన్సర్ విత్తనం రక్తంలో కొట్టుకొచ్చి ఊపిరితిత్తిలో మొలిచింది, అంతే. అందుకే మందులు కూడా పేగు క్యాన్సర్ మందులే ఇస్తారు. మా చుట్టాల్లో ఒకాయన "లంగ్ క్యాన్సర్ కి కొత్త మాత్ర వచ్చిందంట కదా, అది వేయించండి" అని వారం రోజులు ప్రాణం తీసినాడు. పేగు నుంచి పాకేటప్పుడు ఎక్కువగా పోయేది లివర్ కి, దాని తర్వాత ఊపిరితిత్తులకి. పెద్దపేగు రక్తం ముందు లివర్ కి పోతాది కాబట్టి అక్కడ చిక్కుకుంటాది, కానీ రెక్టమ్ కింది భాగం రక్తం లివర్ కి పోకుండా పెద్ద సిరలో కలిసి గుండె మీదుగా నేరుగా ఊపిరితిత్తులకి పోతాది. మా నాయనకి లివర్ శుభ్రంగా ఉండి ఊపిరితిత్తుల్లో ఎట్ల వచ్చిందబ్బా అని నాకు శానా రోజులు డౌట్, ఈ సంగతి ఒక పీజీ డాక్టరమ్మ పేపర్ మీద గీసి చూపించినాక అర్థమైంది.

ముందు ఫైలు కట్టండి

నవ్వులాటగా అనిపిస్తాది గానీ అన్నిటికంటే ఎక్కువ టైమ్ మిగిల్చేది ఇదే. మొదటి ఆపరేషన్ డిస్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ లో తీసిన ముక్క రిపోర్టు, కీమో ఎన్ని సైకిల్స్ ఏ మందు ఏ తేదీ, ఇవన్నీ తేదీల వరసలో పెట్టండి. పాత సీటీలన్నీ సీడీలతో సహా కావాలి. రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకుపోతే సర్జన్ చూడడు, ఆయనకి బొమ్మలు కావాలి, ఎందుకంటే ఆ గడ్డ ఊపిరితిత్తి అంచున ఉందా, మధ్యలో పెద్ద రక్తనాళం పక్కన ఉందా అనేదాన్ని బట్టే ఎంత కోయాలో తెలిసేది. మా దగ్గర రెండేళ్ళ కిందటి సీటీ సీడీ లేదు, ఆ సెంటర్ కి పోతే "అంత పాతది సిస్టమ్ లో ఉండదు సార్" అన్నారు, చివరికి మా అమ్మ బీరువాలో పెళ్ళి వీడియో సీడీల మధ్యలో దొరికింది.

ఇంకొకటి, సీఈఏ అని పేగు క్యాన్సర్ జాడ చూసే ఒక రక్తపరీక్ష ఉంటాది, దాని నంబర్లన్నీ ఒక తెల్ల కాగితం మీద తేదీతో రాయండి. మామూలుగా 5 లోపల ఉండాల, బీడీ సిగరెట్ తాగేవాళ్ళకి కొంచెం పైన ఉన్నా ఉంటాది. ఒక్క నంబర్ తో ఏమీ తెలీదు, అది ఎక్కతా ఉందా, ఎంత స్పీడుగా ఎక్కతా ఉందా అనేదే చూస్తారు. మొదటి ఆపరేషన్ చేసిన చోట బయాప్సీ బ్లాకులు (తీసిన ముక్కని మైనంలో పెట్టినవి), స్లైడ్లు కూడా దాచిపెట్టి ఉంటారు, అర్జీ రాసిస్తే ఇస్తారు, వేరే ఆస్పత్రికి పోయేటట్టయితే అవి అడుగుతారు.

అది అదేనా అని తేల్చుకోండి

మన దేశంలో ఊపిరితిత్తిలో చిన్న గడ్డ కనిపిస్తే అది క్యాన్సరే అయి ఉండాలని లేదు, టీబీ కూడా అచ్చం అట్లనే కనిపిస్తాది. పాత టీబీ మచ్చ కావచ్చు, ఫంగస్ కావచ్చు, బీడీలు తాగినాయనకి కొత్తగా పుట్టిన లంగ్ క్యాన్సరే కావచ్చు. మాకు ఒక చోట చూసీ చూడకనే టీబీ మందులు ఆరు నెలలు వాడండి అని రాసిచ్చినారు, ఇంకో చోట అసలు టీబీ మాటే ఎత్తకుండా రేపే కీమో మొదలుపెడదాం అన్నారు. రెండూ తొందరపాటే అని తర్వాత తెలిసింది.

తేల్చుకోవడానికి దారులు మూడు. ఒకటి, పాత సీటీ పక్కన పెట్టి చూడడం: అప్పుడు లేనిది ఇప్పుడు వచ్చిందా, ఉన్నది పెరిగిందా. రెండోది పెట్ స్కాన్, జబ్బు చురుగ్గా ఉన్న చోటు బొమ్మలో వెలిగేటట్టు తీసే స్కాన్. దీనికి నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకుండా పోవాల, షుగర్ ఉన్నోళ్ళు ముందే చెప్పాల, ఇంజెక్షన్ ఇచ్చి గంటసేపు కదలకుండా మాట్లాడకుండా పడుకోబెడతారు, ఆ రోజంతా చిన్నపిల్లల్ని, కడుపుతో ఉన్నోళ్ళని దగ్గరికి రానియ్యొద్దంటారు. కానీ పెట్ ని నమ్ముకుని కూర్చోవద్దు. టీబీ గడ్డ కూడా పెట్ లో బాగా వెలుగుతాది, 8 మిల్లీమీటర్ల లోపల గడ్డ క్యాన్సర్ అయినా వెలగకపోవచ్చు. అయితే దాన్నిబట్టి తెలిసే ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది: లివర్ లో, పొట్టలో, ఎముకల్లో ఇంకెక్కడన్నా ఉందా అని. ఆపరేషన్ చేయాలా వద్దా అనేదానికి అదే పెద్ద ఆధారం.

మూడోది సూదితో బయాప్సీ, సీటీలో చూసుకుంటా పక్కటెముకల మధ్యలో నుంచి సూది పెట్టి రవంత ముక్క తీస్తారు. గడ్డ మరీ చిన్నదయితే సూదికి దొరకదు. ముక్క దొరికితే ల్యాబ్ లో రంగులేసి చూసి ఇది పేగు నుంచి వచ్చిందా ఊపిరితిత్తిలోనే పుట్టిందా అని చెప్పగలరు. మరీ చిన్నవి అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్ళీ సీటీ తీద్దాం అంటారు. ఆగమన్నారని భయపడొద్దు. మేము భయపడి ఆ వారాల్లో ముగ్గురు డాక్టర్లని మార్చినాం, ఒక్కరు కూడా వేరే మాట చెప్పలా.

ఆపరేషన్ కేసా, కాదా

సర్జన్లు దీనికి లెక్క వేసుకునే పద్ధతి 1965 నుంచి దాదాపు ఒకటే. పేగులో ఉన్న అసలు క్యాన్సర్ పూర్తిగా కంట్రోల్ లో ఉండాల. ఊపిరితిత్తులు కాకుండా వేరే చోట ఉండకూడదు, లివర్ లో ఉన్నా అది కూడా తీసేయగలిగేదిగా ఉంటే పర్వాలేదు. ఊపిరితిత్తుల్లో కనిపించేవన్నీ పూర్తిగా తీయగలిగేటట్టు ఉండాల, పదింటిలో ఎనిమిది తీసి రెండు వదిలేస్తే కోసినందుకు నొప్పి తప్ప ఏం రాదు. తీసినాక మిగిలే ఊపిరితిత్తి ఆ మనిషికి సరిపోవాల. మనిషి మత్తుకి, ఆపరేషన్ కి తట్టుకోవాల.

వీటి తర్వాత ఇంకో నాలుగు చూస్తారు. గడ్డలు ఎన్ని, ఒకటి రెండు అయితే మేలు. పేగు ఆపరేషన్ అయినాక ఎన్నాళ్ళకి వచ్చినాయి, ఎంత లేటుగా వస్తే అంత మెల్లగా పెరిగే జబ్బు అని అర్థం. సీఈఏ ఎంత ఉంది. ఛాతీ మధ్యలో ఉండే గ్రంథుల్లోకి, అంటే లింఫ్ నోడ్స్ లోకి పాకిందా, పాకింటే శానామంది సర్జన్లు వెనక్కి తగ్గుతారు. బయాప్సీ ముక్క మీదనే కేరాస్, ఎన్‌రాస్, బీరాఫ్, ఎంఎస్ఐ అని జీన్ టెస్టులు కూడా చేయించమంటారు, ఏ మందు పనిచేస్తాదో దాన్నిబట్టే, అవి ముందే చేయించి పెట్టుకోండి, రిపోర్టు రావడానికి టైమ్ పడతాది. ముఖ్యంగా ఎంఎస్ఐ హై అని వస్తే ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లో రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి తోలే మందులు, అనే దారి వేరే ఉంది, కత్తి పట్టేముందే ఆ మాట మాట్లాడాల.

ఇవన్నీ ఒక్క డాక్టర్ తేల్చే పని కాదు. ట్యూమర్ బోర్డు అని పెడతారు, కీమో ఇచ్చే మెడికల్ ఆంకాలజిస్టు, రేడియేషన్ డాక్టరు, ఛాతీ సర్జను, స్కాన్ చదివే రేడియాలజిస్టు అందరూ ఒక చోట కూర్చుని కేసు చూస్తారు. "మా కేసు ట్యూమర్ బోర్డులో పెట్టినారా సార్, ఏమన్నారు?" అని నోరు తెరిచి అడగండి, మర్యాదగా అడిగితే ఎవురూ తిట్టరు.

"కోస్తే ఏం వస్తాది?" అని అడగండి

ఇదే నేను అసలు రాయాలనుకున్నది. మనం ఎంతసేపూ "తీసేయచ్చా సార్?" అని అడుగుతాం, ఆయన "ఆ, తీసేయచ్చు" అంటే ఇంగ చాలు, దేవుడు కరుణించినాడు అనుకుంటాం. తీసేయడం వేరు, తీసేయడం వల్ల మనిషికి ఎంత లాభం అనేది వేరు, ఈ రెండో ప్రశ్న మేము శానా లేటుగా అడిగినాం.

1997లో అంతర్జాతీయంగా 5206 కేసులు కలిపి ఒక లెక్క వేసినారు, అన్ని రకాల క్యాన్సర్లు ఊపిరితిత్తులకి పాకి ఆపరేషన్ చేయించుకున్నోళ్ళవి. పూర్తిగా తీయగలిగినోళ్ళల్లో నూటికి 36 మంది ఐదేళ్ళు దాటి ఉన్నారు. అది చూసి అందరూ ఆపరేషన్ వల్లే బతికినారు అనుకున్నారు. కానీ ఆపరేషన్ కి ఎన్నుకునేదే గడ్డలు తక్కువ ఉండి, మెల్లగా పెరిగి, ఒంట్లో బలం ఉండేవాళ్ళని, వాళ్ళు కోయకపోయినా ఎక్కువ కాలం ఉండేవాళ్ళేమో కదా? దీన్ని తేల్చడానికే ఇంగ్లండ్ వాళ్ళు పల్మిక్ అని ఒక ట్రయల్ పెట్టినారు, చీటీ వేసినట్టు కొంతమందికి ఆపరేషన్, కొంతమందికి ఆపరేషన్ లేకుండా. మనుషులు దొరక్క మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది, మొత్తం 93 మందే చేరినారు. ఆపరేషన్ చేసినోళ్ళల్లో ఐదేళ్ళకి నూటికి 36 మంది దాకా ఉంటే, చేయనోళ్ళల్లో కూడా దగ్గర దగ్గర 30 మంది ఉన్నారు. అంత తక్కువ మందిలో ఆ ఆరు తేడా నిజమో, ఊరికే అట్ల పడిందో చెప్పలేరు. కోయకపోతే ఐదేళ్ళు ఎవురూ దాటరు అనే నమ్మకం మాత్రం దాంతో పోయింది.

ఇది రాసినానని ఆపరేషన్ వద్దంటా ఉండానని కాదప్పా. మేము చేయించినాం. ఒకటి రెండు గడ్డలుండి, లేటుగా వచ్చి, సీఈఏ తక్కువ ఉన్న మనిషికి అది మంచి దారే అని ఇప్పటికీ సర్జన్లు చెప్తారు, కీమో లేకుండా కొన్నాళ్ళు ఊపిరి పీల్చుకునే టైమ్ దొరకడం కూడా చిన్న సంగతి కాదు. కానీ పొలం అమ్మి మరీ చేయించాలా అనే కాడికి వస్తే ఈ లెక్క తెలిసి ఉండాల. అందుకే ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని పోండి: మా నాయన లాంటి కేసులో ఆపరేషన్ చేస్తే ఏం ఆశించచ్చు, చేయకపోతే ఏమవుతాది? ముందు కీమో ఇచ్చి చూస్తారా, నేరుగా ఆపరేషనా? అన్నీ ఒకేసారి తీస్తారా? మళ్ళీ వచ్చే ఛాన్స్ ఎంత? ఎస్‌బీఆర్‌టీ పనికి రాదా?

ఎస్‌బీఆర్‌టీ అంటే గురిపెట్టి పెద్ద డోసులో ఇచ్చే రేడియేషన్, కొన్ని సిట్టింగుల్లోనే అయిపోతాది, కోత లేదు. వయసు మీరినోళ్ళకి, గుండె జబ్బు ఉన్నోళ్ళకి, ఊపిరి బలం లేనోళ్ళకి ఇది బాగా వాడతారు. సూది పెట్టి వేడితో గడ్డని కాల్చేసే పద్ధతి కూడా ఉంది, చిన్న గడ్డలకి.

కీమో ముందు ఇచ్చేటట్టయితే ఒక చిక్కు చెప్తా. చిన్న గడ్డలు కీమోకి కరిగిపోయి సీటీలో మాయమైపోతాయి, ఇంట్లో అందరూ పాయసం చేసుకుంటారు, కానీ సర్జన్ కి యాడ కోయాలో తెలీకుండా పోతాది, కనపడనంత మాత్రాన అక్కడ ఏమీ లేదని కాదు. అందుకే కీమో మొదలుపెట్టకముందే సర్జన్ కి ఒకసారి చూపించాల.

యాడికి పోవాలి, కార్డు సంగతేంది

తిరుపతిలో స్విమ్స్ ఉంది, అలిపిరి పక్క టాటా ట్రస్ట్స్ తోడుతో 2022లో తెరిచిన స్వికార్ ఉంది, మనోళ్ళు టాటా క్యాన్సర్ ఆస్పత్రి అంటారు. చిత్తూరు పక్కోళ్ళకి వేలూరు సీఎంసీ దగ్గర, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి రైలెక్కితే సరి. మద్రాసు పోయేటట్టయితే అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954 నుంచి ఉంది. యాడికి పోయినా అడగాల్సింది ఒకటే: ఊపిరితిత్తి ఆపరేషన్ చేసేది ఎవురు? ఛాతీ సర్జనేనా, ఇట్లాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు, కెమెరాతో చిన్న రంధ్రాలు పెట్టి చేస్తారా, తెరిచి చేస్తారా? పేగు ఆపరేషన్ బాగా చేసిన డాక్టరే ఇది కూడా చేస్తాడని అనుకోవద్దు, చెయ్యి వేరు.

ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటా ఉండారు, దాని కౌంటర్ ఆస్పత్రిలోనే ఉంటాది, అక్కడ కూర్చునే ఆరోగ్యమిత్రని ముందే కలవండి. ముందుగా అప్రూవల్ వచ్చినాకనే ఆపరేషన్ తేదీ ఇస్తారు, ఆధార్ లో పేరు, కార్డులో పేరు, ఆస్పత్రి చీటీలో పేరు మూడూ ఒకటే ఉన్నాయా చూసుకోండి, మా నాయన పేరులో ఒక్క దీర్ఘం తేడాకి రెండు రోజులు తిరిగినాం. రాష్ట్రం దాటి పోయేటట్టయితే ఆ ఆస్పత్రిలో, ఈ ఆపరేషన్ కి కార్డు పనిచేస్తాదా అని 104కి ఫోన్ చేసి అడిగి పోండి, అక్కడికి పోయి లాడ్జి తీసుకున్నాక తెలుసుకుంటే ఏడుపే. స్విమ్స్ లో అయితే టీటీడీ ప్రాణదానం ట్రస్టు సంగతి కూడా అడగండి. రైల్లో క్యాన్సర్ పేషెంటుకి, తోడు పోయేవాళ్ళకి టికెట్ లో రాయితీ ఉంది, డాక్టర్ దగ్గర ఆ ఫారం నింపించుకోవాల.

ఆపరేషన్ కి ముందు వారాలు

బీడీ, సిగరెట్ ఈ రోజే బంద్, కనీసం నాలుగు వారాల ముందు. ఇందులో బేరాల్లేవు. రోజుకి ఒకటే కదా అంటే ఆ ఒక్కటే న్యుమోనియా తెస్తాది.

పీఎఫ్‌టీ అని గొట్టంలో గట్టిగా ఊదే టెస్ట్ చేస్తారు, గాలి ఎంత స్పీడుగా బయటికి వస్తా ఉంది, ఆక్సిజన్ రక్తంలోకి ఎంత దిగతా ఉంది చూస్తారు. దాంతోపాటు సర్జన్ మామూలుగా అడిగే ప్రశ్న, ఎన్ని అంతస్తులు ఆగకుండా ఎక్కగలవు అని. మా నాయన "అలిపిరి నుంచి కొండకి ఎక్కతా సార్" అన్నాడు. డాక్టర్ నవ్వి "మూడువేల ఐదొందల యాభై మెట్లూనా? ఎప్పుడు ఎక్కినావు పెద్దాయనా?" అంటే "మా చిన్నోడి పుట్టెంట్రుకలప్పుడు" అన్నాడు. ఆ చిన్నోడు నేనే, నాకు ఇప్పుడు ముప్పై నాలుగు. ఆయన్ని అప్పటికప్పుడు ఆస్పత్రి మెట్లు ఎక్కించి చూసినారు, మూడో అంతస్తు కాడ ఆగి రెయిలింగ్ పట్టుకున్నాడు. అట్ల గొప్పలు చెప్పొద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి ఇంట్లో పెద్దోళ్ళని. ఆ తర్వాత మూడు వారాలు పొద్దున సాయంత్రం నడిపించినాం.

మూడు బాల్స్ ఉండే స్పైరోమీటర్ ఆపరేషన్ కి ముందే కొని ప్రాక్టీస్ చేయించండి. దాంట్లో ఊదకూడదు, పీల్చాల. మా నాయన నాలుగు రోజులు బుగ్గలు ఉబ్బించి ఊది ఊది "ఇది పాడైపోయిండాది, బాల్ లేస్తా లేదు" అని దాన్ని తిరగేసి కొట్టినాడు.

రక్తం పల్చబడే మాత్రలు, అంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడతా ఉంటే చెప్పండి, ఎన్ని రోజుల ముందు ఆపాలో వాళ్ళే చెప్తారు, గుండెలో స్టెంట్ ఉన్నోళ్ళు సొంతంగా ఆపితే ప్రమాదం. కీమోతో పాటు బెవాసిజుమాబ్ ఇంజెక్షన్ తీసుకుని ఉంటే చివరి డోసు తేదీ గట్టిగా గుర్తుచేయండి, దానికీ ఆపరేషన్ కీ మధ్యలో ఆరు వారాల దాకా గ్యాప్ కావాల, లేకపోతే గాయం మానదు, రక్తస్రావం అవతాది. షుగర్ కంట్రోల్ లోకి తేవాల, రక్తం తక్కువ ఉంటే అది పెంచుకోవాల. తిండి సంగతి శానా చెప్తారు గానీ గుడ్డు, పప్పు, చేప, రాగిముద్ద, ఇంట్లో చేసేవే చాలు, పౌడర్ డబ్బాలకి వేలు పోయకండి. ఆకు పసరు మందులు ఏవన్నా ఇస్తా ఉంటే ఆపేసి డాక్టర్ కి చెప్పండి, దాచొద్దు.

ఆ రోజు లోపల ఏం చేస్తారంటే

మత్తిచ్చి గొంతులో రెండు దారులుండే ట్యూబు వేస్తారు, దాంతో ఒక ఊపిరితిత్తిని గాలి తీసేసి ముడుచుకునేటట్టు చేసి, రెండో దాంతోనే ఊపిరి ఆడిస్తారు. పక్కటెముకల మధ్యలో రెండు మూడు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూసి, గడ్డ చుట్టూ కొంచెం మంచి కండతో సహా త్రికోణంలా కత్తిరిస్తారు, వెడ్జ్ అంటారు. స్టెప్లర్ ఉంటాది, ఒకేసారి కోసి కుట్టు కూడా వేసేస్తాది. గడ్డ లోపల మధ్యలో ఉంటే వెడ్జ్ కుదరదు, ఒక భాగమో ఒక లోబ్ మొత్తమో తీయాల్సి రావచ్చు. కుడి పక్క మూడు లోబ్ లు, ఎడమ పక్క రెండు ఉంటాయి. తెరిచి చేస్తే సర్జన్ చేత్తో పిసికి స్కాన్ లో కనపడని చిన్నవి కూడా పట్టుకోగలడు, కెమెరాతో అది కుదరదు, కానీ నొప్పి తక్కువ, తొందరగా లేస్తారు. రెండు పక్కలా ఉంటే కొన్ని వారాల తేడాతో రెండు సార్లుగా చేసేది ఎక్కువ, మా నాయనకి అట్లనే చేసినారు. ప్రాణానికి ప్రమాదం నూటికి ఒకరి లెక్కలో ఉంటాది, సంతకం పెట్టేటప్పుడు పది రకాల భయాలు రాసి ఉంటాయి, చదవండి, అడగండి, పెట్టండి.

బాటిల్ కాపలా

ఆపరేషన్ థియేటర్ నుంచి మనిషితో పాటు పక్కటెముకల్లో నుంచి వచ్చే ఒక ట్యూబు, దాని చివర నీళ్ళుండే బాటిల్ వస్తాయి. వచ్చే నాలుగైదు రోజులు తోడు ఉండేవాళ్ళ బతుకంతా ఆ బాటిల్ చుట్టే. ఊపిరి తీసినప్పుడు ట్యూబులో నీళ్ళు పైకి కిందికి ఆడతా ఉండాల, దగ్గితే బుడగలు వస్తాయి, మొదటి రోజుల్లో అది మామూలే. ఊపిరితిత్తి కోసిన చోట నుంచి గాలి కారతా ఉంటే బుడగలు ఆగవు, అవి ఆగినాక, కారే నీళ్ళు తగ్గినాక, ఎక్స్‌రే తీసి ట్యూబు పీకుతారు. కొందరికి బుడగలు వారం పైన ఆగవు, ఓపిక పట్టాల్సిందే.

ఆ బాటిల్ ఎప్పుడూ ఛాతీ కంటే కిందనే ఉండాల. బాత్రూమ్ కి పోయేటప్పుడు పైకెత్తితే నీళ్ళు ఛాతీలోకి వెనక్కి పోతాయి. ట్యూబు మీద పడుకోనియ్యొద్దు, మడత పడనియ్యొద్దు, నర్సమ్మ చెప్పకుండా క్లాంప్ (ట్యూబుని నొక్కి మూసే క్లిప్పు) వేయొద్దు. ఊడిపోతే వెంటనే కేకేయండి. మా పక్క బెడ్ ఆయన కొడుకు బాటిల్ ని మంచం మీద దిండు పక్కన పెట్టి పడుకోబెట్టినాడు, రాత్రి రెండుకి రౌండ్స్ కొచ్చిన నర్సమ్మ వార్డంతా లేపేసింది.

నొప్పి ఓర్చుకోవడం మగతనం కాదు. నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీస్తే కఫం లోపలే ఉండిపోయి జ్వరం వస్తాది. నొప్పి మందు అడిగి వేయించండి, దిండు ఛాతీకి గట్టిగా అదుముకుని దగ్గించండి, మెలకువగా ఉన్నప్పుడు గంటకి పది సార్లు స్పైరోమీటర్ పీల్పించండి, మర్నాడు నుంచే బాటిల్ చేత్తో పట్టుకుని వార్డులో నడిపించండి. ఆ పక్క చెయ్యి పైకెత్తే ఎక్సర్సైజ్ మానొద్దు, మానితే భుజం బిగుసుకుపోతాది. గుండె దడదడ కొట్టుకుంటా ఉంటే చెప్పండి, ఊపిరితిత్తి ఆపరేషన్ తర్వాత కొందరికి వస్తాది, మందుంది.

ఇంటికొచ్చినాక

కెమెరాతో చేస్తే, ట్యూబు టైమ్ కి తీసేస్తే, ఐదారు రోజుల్లో ఇంటికి పంపిస్తారు. జ్వరం, ఆయాసం పెరగడం, కఫంలో రక్తం, గాయం నుంచి చీము, ఒక కాలే వాయడం, ఇందులో ఏది వచ్చినా ఓపీ రోజు కోసం ఆగకుండా క్యాజువాలిటీకి తీసుకుపోండి. కొన్ని నెలల దాకా పక్కటెముకల కింద తిమ్మిరి, మంట ఉంటాయి, నరం నొప్పి అది, మాత్ర ఇస్తారు. బరువులు, బైకు కొన్ని వారాలు వద్దు, విమానం ఎక్కాలంటే డాక్టర్ని అడిగే ఎక్కాల.

పది పదిహేను రోజుల్లో ముక్క రిపోర్టు వస్తాది. పేగు నుంచి వచ్చిందేనా, అంచుల్లో మిగిలిందా, గ్రంథుల్లో ఉందా, ఈ మూడూ చూడండి. దాని తర్వాత కీమో కావాలా వద్దా అనేదాంట్లో డాక్టర్లలోనే రెండు మాటలు ఉంటాయి, ముందు ఎంత కీమో తీసుకున్నారు, కాళ్ళు చేతులు తిమ్మిర్లు ఎంత ఉన్నాయి అన్నీ చూసి చెప్తారు. మళ్ళీ రావడం మామూలే, సగం మందికి అటూ ఇటుగా వస్తాది, ఊపిరితిత్తి మిగిలి ఉంటే మళ్ళీ తీయచ్చు కూడా. మా నాయనకి మొన్న తొమ్మిదో నెల సీటీలో ఏమీ లేదు, సీఈఏ 2.1.

మొదటి రెండేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకి ఒకసారి సీఈఏ, సీటీ ఉంటాయి. సీటీకి పోయే వారం లోపల క్రియాటినిన్ అని కిడ్నీల పనితీరు చూసే టెస్ట్ చేయించుకుని ఆ కాగితం తీసుకుపోండి, అది లేకపోతే బొమ్మ బాగా కనపడేదానికి ఇచ్చే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇవ్వరు, పొద్దున్నుంచి పస్తుతో కూర్చున్న మనిషిని మళ్ళీ రేపు రమ్మంటారు. షుగర్ కి మెట్‌ఫార్మిన్ వాడతా ఉంటే అక్కడ చెప్పండి. వచ్చేటప్పుడు సీడీ అడిగి తెచ్చుకోండి, మీద స్కెచ్ పెన్ తో తేదీ రాయండి.